మైగ్రేన్ ఆరాను తోలుబొమ్మల తెర మీదికి తెచ్చిన పని: నా అనుభవం

పార్శ్వనొప్పి మొదలయ్యే ముందు కొందరికి కళ్ల ముందు వంకీల గీత ఒకటి మెరుస్తూ పాకుతుంది. డాక్టర్లు దాన్ని ఆరా అంటారు (వాకబు చేసే ఆరా కాదు). దాన్ని ఒక గదిలో ప్రదర్శనగా పెట్టి నలుగురికీ చూపించాలంటే అనంతపురంలో ఉన్నవాళ్లకి వేరే వస్తువు వెతుక్కోవాల్సిన పనిలేదు. చిల్లుల్లోంచి వెలుగు, వెనక దీపం, ముందు తెల్ల గుడ్డ, అన్నీ తోలుబొమ్మలాటలో ఉన్నవే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా) ఈ పనికి పేరుపడ్డ ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నేను వాడింది కూడా బొమ్మలకు గీకి ఆరబెట్టిన మేకతోలే. ఎలా చేశానో, ఎక్కడ తప్పిందో రాస్తున్నాను.

ముందు గీతలు సంపాదించాలి. ఊహించి గీస్తే అది ఆరా కాదు, మెరుపు బొమ్మ అవుతుంది. ఆరా వచ్చే ముగ్గురికి తలా పది కాగితాలు ఇచ్చాను. తెల్ల కాగితం వద్దు, కళ్లకు గుచ్చుకుంటుంది. గోధుమరంగు ప్యాకింగ్ కాగితం మేలు. మధ్యలో మిరియం గింజంత నల్లచుక్క. కాగితం కంటికి 30 సెంటీమీటర్ల దూరం, చూపు చుక్క మీదే. రెండు నిమిషాలకోసారి మెరుపు అంచు ఎక్కడిదాకా వచ్చిందో పెన్సిలుతో గీసి పక్కన టైం వేయాలి. ఆరా మామూలుగా 5 నుంచి 60 నిమిషాలు ఉంటుంది. తలనొప్పి అందుకుంటే పెన్సిలు అక్కడే పడేయమని ముందే చెప్పాలి. రెండు గీతలున్న కాగితం కూడా పనికొస్తుంది. ఎవరికైనా ఇలా కనిపించడం జీవితంలో ఇదే మొదటిసారైతే, లేదా ఉన్నట్టుండి చెయ్యి పడిపోయినా మాట తడబడినా కాగితం కాదు, ఆసుపత్రి. పక్షవాతం ఒక్కసారిగా వస్తుంది, ఆరా మెల్లగా పాకుతుంది.

ఈ పద్ధతి నా సొంతం కాదు. 1870లో హ్యూబర్ట్ ఎయిరీ అనే ఇంగ్లండ్ డాక్టరు తన ఆరాను దశలవారీగా గీసి అచ్చు వేయించాడు. 1941లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ లాష్లీ తన గీతలనుంచి లెక్కకట్టి, మెదడు వెనక భాగంలో ఏదో అలలా నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందన్నాడు. అలాంటి అలనే 1944లో బ్రెజిల్ శాస్త్రవేత్త లియావు కుందేలు మెదడులో పట్టి చూపించాడు.

కాగితాలు చేతికొచ్చాక నేను చేసిన మొదటి తప్పు వంకీల సైజు (రంపపు పళ్లలా ఉంటాయి, పళ్లు అనే అంటాను). వంకీలన్నీ ఒకే కొలతతో కొట్టేసరికి అచ్చం ధర్మవరం చీర మీది టెంపుల్ బార్డరులా తయారైంది. చూసినవాళ్లు బాగుందన్నారు. బాగుండడమే తప్పని అప్పుడు తెలిసింది. కాగితాలు మళ్లీ చూస్తే, చుక్క దగ్గర పళ్లు చిన్నవి, బయటికి పోయేకొద్దీ పెద్దవి. చూపు మధ్యభాగానికి మెదడులో చోటు ఎక్కువ, అంచులకు తక్కువ. అందుకే మెదడులో ఒకే కొలత ఉన్నది బయట చూపులో సాగుతుంది. రెండోసారి చుక్క దగ్గర 4 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి చివరికి 15కి తెచ్చాను. గీత కూడా ఇంగ్లీషు సి అక్షరంలా ఒకవైపు తెరిచి ఉండాలి.

అన్నిటికంటే కష్టం, గీత లోపలి ఖాళీ, అంటే ఆ కాసేపు చూపు ఆనని చోటు. అక్కడ నల్లగా ఉంటుందా అంటే ముగ్గురూ కాదన్నారు. మన వీపు వెనకాల మనకి నల్లగా కనిపిస్తుందా? అలాగే. చిల్లులు కొట్టకుండా వదిలేస్తే నీడ పడుతుంది, తోలు కోసేస్తే వెలుగు పడుతుంది, రెండూ అబద్ధమే. చివరికి బొమ్మను విడిగా కత్తిరించడం మానేసి పలక మొత్తాన్నీ తేనెరంగు తోలుగానే ఉంచి, దాని మీదే ఒక ఆడబొమ్మ ముఖం గీశాను. ఎడమ సగంలో కన్ను, ముక్కుపుడక, చెవికమ్మ, పాపిటబిళ్ల, అన్నీ చిల్లులతో. కుడి సగం ఏమీ లేదు. నుదుటి గీత సగం దాకా వచ్చి ఆగిపోతుంది, తర్వాత అదే తేనెరంగు. మొదటిసారి ఆ సగానికి సన్నటి అంచు గీత వేశాను, పగిలిన పళ్లెంలా ఉంది. అంచు ఉంటే అక్కడ ఏదో పోయిందని కంటికి తెలిసిపోతుంది. గీత తీసేశాక చాలామంది రెండోసారి చూసేదాకా ముఖం సగమే ఉందని గమనించలేదు. రంగు మాత్రం పారదర్శకంగా ఉండే ఇంకు రంగే వాడాలి. పోస్టర్ కలర్ వేస్తే దీపం ముందు మట్టి పూసినట్టు నల్లబడుతుంది.

ఇక మెరుపు. బల్బును టకటకా ఆర్పి వెలిగిస్తే సులువే, కానీ అది చేయకూడదు. మూర్ఛ ఉన్నవాళ్లలో కొందరికి మిణుకు వెలుగే ఫిట్స్ తెప్పిస్తుంది, సెకనుకు 15 నుంచి 25 సార్ల మధ్య మరీ ప్రమాదం. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు 12 సార్లు మెరిస్తే 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. తెరల మీద సెకనుకు మూడు మెరుపులు దాటకూడదన్న నియమం పాటిస్తారు. మెదడు తేడాల గురించి పెట్టిన బొమ్మ ముందు ఆ తేడా ఉన్నవాళ్లే నిలబడలేకపోతే ఆ బొమ్మ ఎవరికి?

అందుకని రెండు పలకలు. ముందు పలకలో 2 మిల్లీమీటర్ల చిల్లులు 4 మిల్లీమీటర్లకొకటి, వెనక పలకలో 4.5కి ఒకటి. ఒకదాని మీద ఒకటి పెడితే 36 మిల్లీమీటర్లకోసారి చిల్లులు కలుస్తాయి (ముందువి తొమ్మిది, వెనకవి ఎనిమిది). అక్కడ వెలుగు, మధ్యలో మసక. వెనక పలకను 4.5 మిల్లీమీటర్లు జరిపితే ఆ వెలుగు 36 మిల్లీమీటర్లు పాకుతుంది. బల్బు ఆరదు, అయినా గీత మెరుస్తుంది. చేత్తో లాగితే సెకనుకు 13.5 మిల్లీమీటర్లు తేలిగ్గా దాటుతుంది, అంటే ప్రతిచోటా మూడు మెరుపులు దాటినట్టే. అందుకే వెనక చట్రానికి 8 ఎం.ఎం. మరబోల్టు బిగించాను. ఒక చుట్టుకు 1.25 మిల్లీమీటర్లే జరుగుతుంది. పిల్లలు ఎంత గబగబా తిప్పినా సెకనుకు పది చుట్లు తిప్పలేరు.

కొలత చెడేది ఇక్కడే. తోలుకు చిల్లులు కొట్టి తర్వాత చట్రానికి లాగి కట్టాను, చిల్లులు కోడిగుడ్డు ఆకారమయ్యాయి, మెరుపు చచ్చింది. వరస తిరగేయాలి. తోలును తడిగుడ్డతో మెత్తబరిచి, అంచున 3 సెంటీమీటర్లకొక దారం వేసి చట్రానికి లాగి, రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, ఆ తర్వాతే గుర్తులు పెట్టాలి. గుర్తులకు గ్రాఫ్ కాగితాన్ని టేపుతో అంటించాలి. మైదా జిగురు వద్దు, తడికి తోలు ఉబ్బుతుంది. ప్రతి చిల్లునూ పక్కదాని నుంచి కొలిస్తే చిన్న తేడాలు కూడుకుంటూ పోతాయి, ఎప్పుడూ మొదటి గీత నుంచే కొలవాలి. పలకల మధ్య సందు ఒక మిల్లీమీటరు దాటనివ్వొద్దు. పాత పద్ధతి బల్బు వేడికి మన ఎండాకాలం పొడిగాలి తోడైతే అంచులు ముడుచుకుని సందు పెరుగుతుంది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు, తోలుకు 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే సరిపోయింది. బల్బు కొనేటప్పుడు ఫోన్ కెమెరాలో చూడాలి, నల్ల చారలు పరిగెడితే అది కంటికి తెలియకుండా మిణుకుతున్నట్టు.

ఇంత జాగ్రత్తపడ్డాక కూడా గదిలో ఒక మిణుకు మిగిలింది. సీలింగ్ ఫ్యాన్. లైటు ఫ్యాన్ పైన ఉంది. నిమిషానికి 360 చుట్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాన్ వెలుగును సెకనుకు 18 సార్లు కోస్తుంది, సరిగ్గా పడకూడని చోట. అనంతపురం ఎండల్లో ఫ్యాన్ ఆపమంటే జనం రారు. పై లైటు ఆర్పేసి, గోడకు రెక్కల కంటే కింద ఎల్ఈడీ పెట్టి, వాకిలి దగ్గర స్టాండ్ ఫ్యాన్ వేశాం.

బొమ్మ మధ్యభాగం నేలనుంచి 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచాను, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్ల చూపుకు సరిపడేలా. నిలబడేవాళ్లు కాస్త వంగితే పోయిందేమీ లేదు. గడపకు వేసే చెక్క వాలు ప్రతి ఒక అంగుళం ఎత్తుకూ 12 అంగుళాల పొడవు. వాకిట్లో బోర్డు లోపలికి రాకముందే కనిపించాలి: “లోపల చిల్లుల బొమ్మల్లో వెలుగు కదులుతుంది. తేడాగా అనిపిస్తే ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసుకుని పక్కకు తిరగండి.” కళ్లు రెండూ మూసుకుంటే చాలదు, మిణుకు రెప్పల్లోంచి కూడా పోతుంది. గీతలాంటి చిల్లుల వరస కదలకపోయినా కొందరికి ఇబ్బందే కాబట్టి మెరిసే భాగాన్ని అరచేయంతే ఉంచి, మిగతా పలక ఖాళీగా వదిలాను.

విప్పేటప్పుడు రెండు పలకలనూ చట్రాల్లోంచి తీయొద్దు. మధ్యలో పాత న్యూస్‌పేపర్లు పెట్టి పడుకోబెట్టి దాచాలి. మళ్లీ వేలాడదీసే ముందు స్కేలుతో ఒకసారి ఆ 36 మిల్లీమీటర్లు చూసుకోవాలి. వానాకాలం తర్వాత నా దాంట్లో 38 వచ్చింది, దారాలు మళ్లీ బిగించాల్సి వచ్చింది.