పక్క మీద 9 గంటలు, నిద్ర ఐదున్నర గంటలు

ఇంట్లో ఒకరికి జబ్బు చేయడంతో రెండు నెలల పాటు నేను రాత్రిళ్లు మేలుకొని ఉండవలసి వచ్చింది. వారు కోలుకున్నారు, ఆ అవసరం తీరిపోయింది, నా మెలకువ మాత్రం తీరలేదు. వారానికి నాలుగైదు రాత్రులు అర్ధరాత్రి దాటినా రెప్ప వాలేది కాదు, వాలినా మూడు గంటలకల్లా కళ్లు తెరుచుకునేవి. వారానికి కనీసం 3 రాత్రుల చొప్పున 3 నెలలు ఇలా సాగితే దానిని దీర్ఘకాలిక నిద్రలేమిగా లెక్కిస్తారని నాకు తర్వాత తెలిసింది. అప్పటికే ఆరు నెలలు గడిచిపోయాయి.

నిద్రమాత్రలకు అలవాటు పడిపోతానేమోనన్న భయంతో నేను మొదట మూలికలను ఆశ్రయించాను. వలేరియన్ గుళికలు, చామొమైల్ టీ, దిండు మీద లావెండర్ నూనె, అశ్వగంధ పొడి, ఇలా ఒకదాని తర్వాత ఒకటి కొన్ని వారాల చొప్పున వాడి చూశాను. ఏది కొత్తగా మొదలుపెట్టినా మొదటి రెండు మూడు రాత్రులు కొంత మేలు కనిపించి, ఆ తర్వాత పరిస్థితి మళ్లీ మొదటికే వచ్చేది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో విడుదల చేసిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక నిద్రలేమికి వలేరియన్‌ను గానీ, నిద్ర హార్మోనుగా పిలిచే మెలటోనిన్‌ను గానీ వాడవద్దనే సూచించాయని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. మూలికే కదా, హాని ఏముంటుందిలే అనుకోవడం కూడా పొరపాటేనని ఆ రోజుల్లోనే గ్రహించాను. అశ్వగంధ వాడినవారిలో, అరుదుగానే అయినా, కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. చామొమైల్ టీ ఇప్పటికీ తాగుతాను, అయితే మందుగా కాదు, అందులో కెఫీన్ లేదు కనుకా రుచి నచ్చింది కనుకా.

చివరికి వైద్యురాలి దగ్గరకు వెళ్లినప్పుడు ఆమె నా నిద్ర గురించి అడగడానికి ముందు రెండు ప్రశ్నలు వేశారు: నిద్రలో గట్టిగా గురక పెడుతూ ఊపిరి ఆగినట్టు అవుతున్నదా, పడుకోగానే కాళ్లు కదపకుండా ఉండలేనంత చిరాకు పుడుతున్నదా అని. మొదటిది స్లీప్ ఆప్నియాకు గుర్తు కావచ్చు, రెండవది ఒక్కొక్కసారి ఒంట్లో ఇనుము తగ్గడం వల్ల వస్తుంది. ఆ రెండింటికీ అలవాట్లు మార్చుకున్నంత మాత్రాన సరిపోదు. నాకు రెండూ లేవని తేలిన తర్వాత, రెండు వారాల పాటు నిద్ర చిట్టా రాయమన్నారు.

ఆ చిట్టా నా కళ్లు తెరిపించింది. రాత్రి తొమ్మిదిన్నరకు పక్క ఎక్కి ఉదయం ఆరున్నరకు దిగుతున్నాను, అంటే 9 గంటలు. అందులో నిద్రపోయింది సగటున ఐదున్నర గంటలు, దాదాపు 61 శాతం. నిద్ర చాలడం లేదు కాబట్టి ఎక్కువసేపు పడుకుంటే ఎంతో కొంత దొరుకుతుందని నేను చేస్తూ వచ్చిన ఆ పనే నా నిద్రను పలుచన చేసిందని వైద్యురాలు వివరించారు. రోజుకు మూడున్నర గంటల చొప్పున మెలకువతో పొర్లడం వల్ల, మంచం అంటేనే మెలకువగా ఉండే చోటని నా శరీరానికి అలవాటైపోయింది.

ఆమె సూచించినది నిద్రలేమికి చేసే ప్రవర్తనా చికిత్స. దీర్ఘకాలిక నిద్రలేమికి మందుల కంటే ముందు దీనినే ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. ఇందులో నాకు అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే ఎక్కువ మేలు చేసినదీ ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో ప్రతిపాదించిన పద్ధతి: పక్క మీద గడిపే సమయాన్ని నిజంగా నిద్రపోయే సమయానికి దగ్గరగా కుదించడం. నాకు రాత్రి 12 నుంచి ఉదయం 6 వరకు గడువు పెట్టారు. పన్నెండుకు ముందు ఎంత మగత వచ్చినా పడుకోకూడదు, ఆరు తర్వాత ఎంత బడలికగా ఉన్నా పక్క మీద ఉండకూడదు, పగలు కునుకు తీయకూడదు. మూర్ఛ వ్యాధి ఉన్నవారు, బైపోలార్ సమస్య ఉన్నవారు, వాహనాలూ యంత్రాలూ నడిపే పనిలో ఉన్నవారు దీనిని సొంతంగా మొదలుపెట్టకూడదని ఆమె ప్రత్యేకంగా హెచ్చరించారు. నేను ఆ వారాల్లో బండి నడపలేదు.

మొదటి వారం దుర్భరంగా గడిచింది. పది గంటలకే కళ్లు మూతలు పడుతుంటే, మసక వెలుతురులో బట్టలు మడత పెడుతూ, ఇదివరకే చదివిన పుస్తకాన్ని మళ్లీ తిరగేస్తూ పన్నెండు కోసం ఎదురు చూశాను. ఆశ్చర్యమేమిటంటే, నెలల తరబడి రమ్మన్నా రాని నిద్రను ఆపుకోవడానికి నేను కష్టపడుతున్నాను. దీని వెనుక ఉన్న కారణం తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం నిద్రను రెండు శక్తులు నడుపుతాయి: ఒకటి మేలుకొని ఉన్న కొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి, రెండవది శరీరంలోని గడియారం. మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకునే కొద్దీ ఆ ఒత్తిడి పెరుగుతుంది. నేను తొందరగా పక్క ఎక్కి ఆ ఒత్తిడి పూర్తిగా పెరగనివ్వలేదు. కాఫీలోని కెఫీన్ ఆ అడెనోసిన్ పని చేయవలసిన చోట్లనే అడ్డుకుంటుంది, పైగా తాగిన దానిలో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగే కాఫీని ఆ రోజే మానేశాను.

రెండవ నియమం 1972లో రిచర్డ్ బూట్జిన్ రూపొందించినది. నిద్ర పట్టకుండా సుమారు 20 నిమిషాలు గడిచినట్టు అనిపిస్తే లేచి వేరే గదిలోకి వెళ్లాలి, మళ్లీ మగత వచ్చినప్పుడే తిరిగి రావాలి. గడియారం చూసి లెక్కపెట్టకూడదు కాబట్టి దానిని గోడ వైపుకు తిప్పి ఉంచాను. ఒక రాత్రి నేను నాలుగుసార్లు లేచాను. మూడవ వారానికి ఒక్కసారితో సరిపోయింది.

ఉదయం లేచిన అరగంటలోపు ఆరుబయట నడవడం నాకు నచ్చిన అలవాటు. కంటిలో మెలనాప్సిన్ అనే వర్ణకం ఉన్న కణాలు పగటి వెలుతురును పసిగట్టి మెదడులోని గడియారానికి కబురు పంపుతాయి. ఉదయపు వెలుతురు ఆ గడియారాన్ని సరిచేస్తే, రాత్రి పొద్దుపోయాక చూసే ప్రకాశవంతమైన తెర దానిని ఆలస్యం చేస్తుంది. అందుకే ఫోన్‌ను పడకగది బయటే వదిలిపెట్టాను.

పడుకోవడానికి ఒకటి రెండు గంటల ముందు వేడినీళ్ల స్నానం చేయడం నిజంగా పనిచేసిన సహజ చిట్కా. వేడికి చేతులకూ పాదాలకూ రక్త ప్రసరణ పెరిగి, ఒంట్లోని వేడి బయటకు పోతుంది. లోపలి ఉష్ణోగ్రత అలా తగ్గడం నిద్రకు దారి తీస్తుంది. స్నానం చేసిన వెంటనే పడుకుంటే ఆ ప్రయోజనం అంతగా ఉండదు. ఎడ్మండ్ జేకబ్సన్ రూపొందించిన కండరాల సడలింపు కూడా నేర్చుకున్నాను. పాదాల నుంచి ముఖం వరకు ఒక్కొక్క కండరాన్ని బిగించి వదలాలి. మర్నాడు చేయవలసిన పనులను రాత్రి 5 నిమిషాలు కాగితం మీద రాసి పెట్టడం వల్ల, పడుకున్నాక అవి గుర్తుకు వచ్చి బాధించడం తగ్గింది.

పక్క మీద గడిపిన సమయంలో నిద్రపోయిన వాటా వారం సగటున 85 శాతం దాటినప్పుడల్లా, పడుకునే వేళను 15 నిమిషాలు ముందుకు జరుపుకోమన్నారు. ఐదవ వారంలో సగటు పడిపోయింది, ఆ వారమంతా పెంచకుండా ఆగాను. తొమ్మిదవ వారం చివరకు 11 నుంచి 6 వరకు, అంటే 7 గంటలకు చేరుకున్నాను. పెద్దవారికి కనీసం అవసరమని చెప్పేది కూడా అంతే.

గత నెలలో వరుసగా మూడు రాత్రులు మళ్లీ నిద్ర చెదిరింది. పాత భయం తలెత్తింది, తొమ్మిదిన్నరకే పడుకోవాలన్న కోరిక కూడా కలిగింది. చిట్టా మళ్లీ బయటకు తీసి, పడుకునే సమయాన్ని 11.30కు జరిపి, ఆరు గంటలకే లేచాను. ఏడవ రోజుకు సర్దుకుంది.