30,000 ఫోన్లకు ఎన్ని డబ్బాలు కావాలి

"ఈ సర్వర్ ఎన్ని ఫోన్లు మోస్తది?" అని అడిగితే ఒక్క అంకెలో జవాబు దొరకదు. ఉమ్మడి నల్లగొండ అంతటికీ కలిపి 30,000 ఇంటర్నెట్ ఫోన్లు పెడుతున్నామనుకోండి. ఈ 30,000 అనే అంకె మొదట్లో దేనికీ అక్కరకు రాదు. తర్వాత ఒకచోట మాత్రం గట్టిగా దెబ్బ తీస్తుంది, అది కింద చెప్తాను.

లెక్క మొదలుపెట్టాల్సింది రద్దీ గంట నుంచి. ఏడాది సగటు తీస్తే మోసపోతారు. యాసంగి వడ్ల కాంటాలు జోరు మీదున్న రోజుల్లో, అందరూ లారీల కోసం, గన్నీ సంచుల కోసం ఫోన్లు కొట్టే పొద్దటిపూట గంట తీసుకోండి. ఆ గంటలో 12,000 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకుంటే 36,000 నిమిషాలు. 60తో భాగిస్తే 600 ఎర్లాంగ్‌లు, అంటే సగటున ఒకేసారి 600 కాల్స్ నడుస్తుంటాయి. డెన్మార్క్ గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రంలో పెడితే, నూటికి ఒక కాల్‌కు మించి వెనక్కి పోకుండా ఉండాలంటే 630 చానెళ్లు (ఒక్కో కాల్‌కు ఒకటి) సరిపోతాయి. అన్నీ బయటి నెట్‌వర్క్‌కే పోతాయనుకుంటే, ఒక్కో ఈ1 లైనుకు (టెలిఫోన్ కంపెనీ ఇచ్చే డిజిటల్ లైను) 30 చొప్పున 21 లైన్లు.

మండలానికో ట్రంకు (బయటికి పోయే చానెళ్ల కట్ట) విడిగా ఇచ్చే అలవాటుంటే మానుకోండి. 10 ఎర్లాంగ్‌ల ఆఫీసుకు 18 చానెళ్లు కావాలి. అలాంటి పది ఆఫీసులకు విడివిడిగా ఇస్తే 180, ఒక్కచోట కలిపితే 117తో పని అయిపోతుంది.

బ్యాండ్‌విడ్త్ గురించి అంత భయం అక్కర్లేదు. జీ.711 కోడెక్‌లో (కోడెక్ అంటే మాటను బైట్లుగా మార్చే పద్ధతి) 20 మిల్లీసెకండ్లకో ప్యాకెట్: 160 బైట్ల మాట, 40 బైట్ల హెడర్లు, ఈథర్నెట్‌వి ఇంకో 18. ఒక దిక్కుకు 87.2 కేబీపీఎస్. మాట సర్వర్ గుండానే పోతే కాల్‌కు రెండు కాళ్లు (చేసినవాళ్ల వైపు ఒకటి, ఎత్తినవాళ్ల వైపు ఒకటి) కాబట్టి, 630 కాల్స్‌కు వచ్చేది 110 ఎంబీపీఎస్, పోయేది అంతే. గిగాబిట్ పోర్టులో తొమ్మిదో వంతు. చూడాల్సింది ప్యాకెట్ల సంఖ్య: సెకనుకు 63,000 లోపలికి, 63,000 బయటికి. ఎనిమిది కోర్ల సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు ఇంటరప్టులన్నీ (ప్యాకెట్ వచ్చిందని సీపీయూను తట్టే పిలుపులు) ఒకే కోర్ మీద పడితే అదొక్కటే నూటికి నూరు కాలుతుంది. మిగతావి ఖాళీగా ఉంటాయి, సగటు గ్రాఫ్‌లో మాత్రం 12 శాతమే కనిపిస్తుంది. కాబట్టి గ్రాఫ్ కోర్‌వారీగా చూడాలి, క్యూలు అన్ని కోర్లకూ పంచాలి.

ఇంకో పాత రోగం: 250 కాల్స్ దాటగానే కొత్తవి కలవవు, సీపీయూ చల్లగానే ఉంటుంది. లాగ్‌లో "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని ఉంటుంది. ఒక్కో కాల్ మాట మోసే ఆర్‌టీపీకి రెండు, దాని నాణ్యత లెక్క చెప్పే ఆర్‌టీసీపీకి రెండు, మొత్తం నాలుగు సాకెట్లు తెరుస్తుంది. లినక్స్ మామూలు పరిమితి 1024. నాలుగుతో భాగించుకోండి. ఈ పరిమితి పెంచకుండా ర్యామ్ కొన్నా ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు ఆ 30,000 సంగతి. కాల్స్ సెకనుకు మూడు, నాలుగుకు మించవు. అదే ఫోన్లు నిమిషానికోసారి రిజిస్టర్ అయ్యేలా (నేనిక్కడున్నానని సర్వర్‌కు చెప్పేలా) పెడితే సెకనుకు 500. పాస్‌వర్డ్ అడిగి మళ్లీ పంపించుకుంటే 1,000. ఇది మామూలు రోజు లెక్క. మే నెలలో గాలిదుమారం లేచి కరెంటు పోయి, తిరిగి వచ్చిన నిమిషం చూడండి: రౌటర్లు, ఫోన్లు అన్నీ ఒకేసారి లేస్తాయి. సర్వర్ జవాబు ఆలస్యం చేస్తే యూడీపీ (ప్యాకెట్ చేరిందో లేదో తానుగా చూడని పద్ధతి) మీద ఫోన్ ఊరుకోదు. అర సెకను, ఒకటి, రెండు, తర్వాత నాలుగేసి సెకన్లకోసారి, 32 సెకన్లలో అదే అభ్యర్థన 11 సార్లు పంపుతుంది. జవాబు లేటైన కొద్దీ బరువు పెరుగుతుంది, బరువు పెరిగిన కొద్దీ జవాబు లేటవుతుంది.

అందుకే రిజిస్ట్రేషన్ గడువు అరగంట పెట్టండి, సెకనుకు 17కి దిగుతుంది. నాట్ (రౌటర్ చేసే చిరునామా మార్పిడి) దారి మూసుకుపోకుండా 30 సెకన్లకో ఖాళీ కీప్‌అలైవ్ చాలు, అది డేటాబేస్‌ను ముట్టదు. కమైలియో (కాల్స్, రిజిస్ట్రేషన్లు చూసే సర్వర్ సాఫ్ట్‌వేర్) వాడితే, ఏ ఫోన్ ఎక్కడుందో రాసుకునే లొకేషన్ పట్టికను మెమరీలో ఉంచి, తర్వాత డేటాబేస్‌లోకి రాసే పద్ధతి పెట్టండి. పాస్‌వర్డ్‌లూ క్యాష్‌లోకి తేవాలి, లేకుంటే ప్రతి రిజిస్ట్రేషన్‌కూ క్వెరీ పోతూనే ఉంటుంది. మోయలేనంత వస్తే మౌనంగా పడేయకుండా "కాసేపాగి రా" అని 503 పంపాలి.

డబ్బాలు, అంటే సర్వర్లు, విడదీయండి: సిగ్నలింగ్‌కు (కాల్ కలపడం, తెంచడం) రెండు, డేటాబేస్‌కు రెండు, మాటకు మూడు. మాటవి ఒక్కోటి 315 కాల్స్ మోసేవై ఉంటే ఏ రెండు నిలబడినా 630 నడుస్తాయి. నిజానికి 400వి తీసుకోవడం మేలు, ఎందుకంటే ఒకటి పడితే తెగిన వాళ్లంతా అదే నిమిషంలో మళ్లీ డయల్ చేస్తారు. కోడెక్ మార్పిడి మాత్రం ఈ డబ్బాల మీద పెట్టొద్దు, అది చేరితే ఈ అంకెలేవీ నిలవవు.

రికార్డింగ్ ఉంటే గంటకు 35 జీబీ దాకా పోగవుతుంది. సెకనుకు 10 ఎంబీ రాయడం డిస్కుకు పెద్ద పనేం కాదు. 630 ఫైళ్లలోకి చిన్న చిన్న ముక్కలుగా రాయడమే పాత హార్డ్‌డిస్కును చంపుతుంది. కాల్ నడిచినంత సేపు ర్యామ్‌లో ఉంచి, అయిపోయాక డిస్కుకు పంపండి. సగటు కాల్స్‌కు 2 జీబీ చాలు, నాలుగు పక్కన పెట్టుకోండి.

లోడ్ పరీక్ష సిప్పీతో (ఉత్తుత్తి కాల్స్ పుట్టించే టూల్) చేసేటప్పుడు మాట ప్యాకెట్లు కూడా పంపాలి. ఉత్త సిగ్నలింగ్‌తో పాసైన సర్వర్‌ను నమ్మలేం.

రెండు ఫైబర్లు తీసుకుంటే ఏ కంపెనీవి అనేకంటే ఏ దారిన వస్తాయో అడగండి. ఒకటి నార్కట్‌పల్లి వైపు, ఇంకోటి మిర్యాలగూడ వైపు ఉండాలి. ఇద్దరివీ ఒకే కందకంలో ఉంటే జేసీబీ రెండింటినీ ఒకే గుంజులో లేపుతుంది.

ఇక గది. రెండున్నర కిలోవాట్ల పరికరాలకు కాగితం మీద ఒక టన్ను ఏసీ సరిపోవాలి, టన్నంటే మూడున్నర కిలోవాట్లు. కానీ ఆ టన్ను బయట 35 డిగ్రీలున్నప్పటి లెక్క. నల్లగొండలో మే నెలలో 44 దాకా పోతుంది. టన్నున్నరవి రెండు పెట్టి మార్చి మార్చి నడపండి. పైగా సర్వర్లు యూపీఎస్ మీద, ఏసీ నేరుగా లైను మీద ఉంటే, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఇంకా ఉండగానే సర్వర్లు వేడికి ఆగిపోవచ్చు. జనరేటర్ లెక్కలో ఏసీని కలపండి.