తిమ్మిరి గడి

మా మహిళా సంఘం పద్దులు రాసేది నేనే. మా ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ అని తేలిన రోజు రాత్రి, సంఘంలో మిగిలిపోయిన పొడుగు నోటుబుక్కు తీసి గడులు గీశాను: తేదీ, బరువు, రక్తపరీక్ష, మందు, ఖర్చు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆపరేషన్ హైదరాబాదులో, కీమో హన్మకొండలో. ఒకచోటి కాగితం సంగతి ఇంకోచోట తెలియదు. తీసిన 14 లింఫ్ గ్రంథుల్లో రెండింటికి వ్యాధి పాకిందన్న ముక్క నా పుస్తకంలో ఉండబట్టి సరిపోయింది. లేకపోతే కీమో డాక్టరు అడిగినప్పుడు ‘ఆపరేషన్ బాగా జరిగింది సార్’ అనడం తప్ప మాకేమీ తెలియదు.

21 రోజులకోసారి ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు నరంలోకి ఎక్కించేవారు. ఆనాటి నుంచి 14 రోజులు కెపెసిటాబిన్ మాత్రలు, పొద్దున మూడు, రాత్రి మూడు, తిన్న అరగంటలోపు. తర్వాత వారం విరామం. ఆక్సాలిప్లాటిన్‌కు చల్లదనం అంటే పగ. మొదటి కీమో అయిన సాయంత్రం కుండలో నీళ్లు ముంచబోయి చెంబు జారవిడిచారు. వేళ్లకు కరెంటు కొట్టినట్టు ఉందట. ఆ రాత్రే ‘తిమ్మిరి’ అని ఇంకో గడి గీశాను.

ఆయన కొత్తవాడలో జంపఖానాలు నేస్తారు. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపరు కత్తిరించి దాచుకున్న మనిషి. ఆయనకు చేతివేళ్లే బతుకుతెరువు. అందుకే డాక్టరు ముందు నోరు విప్పరు. ‘బాగానే ఉంది సార్’ అంటారు. ఆసుపత్రి కాగితంలోనూ ప్రతిసారీ ‘తిమ్మిరి లేదు’ అనే అచ్చయ్యేది. పాత కాగితానికే తేదీ మార్చి ఇస్తున్నారని నా అనుమానం.

ఐదో కీమోకు వెళ్లినప్పుడు పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. తిమ్మిరి మొదటిసారి నాలుగు రోజులు, రెండోసారి ఆరు, మూడోసారి 11. నాలుగోసారి వచ్చింది ఇంకా పోలేదు. డాక్టరు అది చదివి, చొక్కా గుండీలు తీసి మళ్లీ పెట్టుకోమన్నారు. రెండో గుండీ దగ్గర మా ఆయన చేతులు ఆగిపోయాయి. నావైపు కోపంగా చూశారు. ఆక్సాలిప్లాటిన్ 200 మిల్లీగ్రాముల నుంచి 160కి తగ్గింది. ఆరో కీమోతో ఆక్సాలిప్లాటిన్ ఆపేసి, చివరి రెండు విడతలూ మాత్రలే ఇచ్చారు. గుండీల పరీక్ష రోజు ఇంటికొచ్చాక ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అది పుస్తకంలో రాయలేదు.

ఆపాక కూడా రెండు నెలలు తిమ్మిరి పెరిగింది. అలా కావచ్చని డాక్టరు ముందే అన్న మాట రాసుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే జబ్బు తిరగబెట్టిందని గోల పెట్టేదాన్ని. ఇప్పుడు మూడు నెలలకోసారి, జబ్బు తిరగబెట్టిందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష. ల్యాబు మారిస్తే అంకెలు పోల్చలేమని ఒకేచోట చేయిస్తున్నాను. ఇంతవరకు ఐదు దాటలేదు.

ఆదివారాలు ఇంకో పరీక్ష, ఇది ఆయన పెట్టుకున్నదే. కళ్లు మూసుకుంటారు, నేను సన్న పోగో లావు పోగో వేళ్ల మధ్య పెడతాను. మొదట్లో పదింటికి నాలుగు చెప్పేవారు, మొన్న ఎనిమిది. ఊరికే చూద్దామని ఒకే పోగు రెండుసార్లు పెట్టాను.

‘‘ఇదివరకటిదే కదా, లెక్క సరిగ్గా రాయి’’ అన్నారు, కళ్లు తెరవకుండానే.