కొత్త కాంపౌండ్ విల్లుకు బాణాలు కూర్చిన తీరు

కొత్త కాంపౌండ్ విల్లు (కొనల్లో కప్పీలుండే విల్లు) లాగుడు బరువును 54 పౌండ్ల దగ్గర స్థిరపరచిన తర్వాత మిగిలిన పనంతా బాణాలదే. యాభై మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు మాత్రమే కనుక, ఒక్కొక్క బాణం ఒక్కొక్క తీరుగా ఎగిరితే చేయి ఎంత నిలకడగా ఉన్నా ఫలితం ఉండదు. మన విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచినదీ ఈ దూరంలోనే.

షాఫ్ట్‌లుగా, అంటే బాణపు కాడలుగా, 450 స్పైన్ కార్బన్ గొట్టాలు డజను తీసుకున్నాను. షాఫ్ట్‌ను 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద ఉంచి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీసినప్పుడు అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులు వంగుతుందో ఆ సంఖ్యే స్పైన్. వాటిని వేగంగా తిరిగే రాపిడి చక్రంతో 27.5 అంగుళాలకు కోశాను. ఆ నల్లటి ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి మాస్కు తప్పనిసరి. కోసిన అంచుకు వెండిరంగు పెన్ను పూసి, అంచును సమంగా అరగదీసే స్క్వేరింగ్ పరికరం మీద మెల్లగా తిప్పితే, రంగు చెరగకుండా మిగిలిన చోట పల్లం ఉన్నట్లు తెలుస్తుంది. వలయమంతా ఒకేలా చెరిగే వరకు తిప్పాలి. వేడికి కరిగే హాట్ మెల్ట్ జిగురుతో పాయింటు (బాణం ములికి) అతికేటప్పుడు పాయింటునే వేడి చేయాలి గాని కార్బన్‌కు మంట తగలనీయకూడదు, అందులోని రెసిన్ దెబ్బతింటుంది.

పాయింటు బరువు మొదట 90 గ్రెయిన్లు (గ్రెయిను అంటే 0.065 గ్రాము), తర్వాత 110 పెట్టి చూశాను. బరువు పెరగడంతో బాణం సమతూక బిందువు ముందుకు జరిగి, ముందు భారం (బాణం నడిమి నుంచి ఆ బిందువు ఎంత ముందుందో, పొడవులో శాతంగా) 11 శాతం నుంచి 13కు పైగా చేరింది. గాలిలో 110 పాయింటే నిలకడగా ఉంది. మొత్తం బరువు సుమారు 333 గ్రెయిన్లు. లాగుడు బరువులో పౌండుకు 5 గ్రెయిన్ల కన్నా తేలికైన బాణం విల్లుకే ప్రమాదం కనుక, 270 అనే హద్దుకు ఇది చాలా పైనే ఉంది.

గ్రెయిను అంత చిన్నది కనుక బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు వాడి, డజను బాణాలనూ రెండు గ్రెయిన్ల తేడాలోకి తెచ్చాను. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నా అనుభవంలో మాత్రం, బరువు సరిచూసుకోవడం కన్నా నాక్ (నారిలో ఇమిడే బాణపు తోక గాడి) తిప్పి సరిచేసుకోవడం వల్లనే ఎక్కువ మేలు జరిగింది. కార్బన్ షాఫ్ట్ అన్ని వైపులా ఒకే గట్టిదనంతో ఉండదు. నారి తోసినప్పుడు అది ఏ వైపుకు వంగుతుందన్నది నాక్ ఎటు తిరిగి ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. వేన్లు (తోక దగ్గరి రెక్కలు) అతికించక ముందే షాఫ్ట్‌లకు సంఖ్యలు వేసి, ఇరవై మీటర్ల నుంచి వదిలి, గుంపుకు దూరంగా తగిలిన ప్రతిదాని నాక్‌ను పావు చుట్టు చొప్పున తిప్పుతూ గుంపులో కలిసేదాకా పరీక్షించాను. ఏడో సంఖ్య బాణం ఎటు తిప్పినా కలవలేదు. దాన్ని పక్కన పెట్టాను. మిగిలిన వాటికి కలిసిన స్థానం గుర్తుపెట్టి, దాని ప్రకారమే వేన్లు అతికించాను.

ఆ తర్వాత పరీక్షకు వేసిన వేన్లు లేని బాణం, ఉన్న వాటికన్నా కిందుగా తగిలింది. నాకింగ్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే చోటు) ఎక్కువ ఎత్తులో ఉందనడానికి అది సూచన. బాణాన్ని ఆనించే రెస్ట్‌ను వెంట్రుకవాసి పైకి జరపగానే రెండూ ఒకే ఎత్తుకు వచ్చాయి. ఇప్పుడు గాలి లేని ఉదయాల్లో యాభై మీటర్ల గ్రూపింగ్ ఎక్కువగా పది, తొమ్మిది వలయాల మధ్యే ఉంటోంది.

ఇక్కడి ఎండలను లెక్కలోకి తీసుకోక తప్పదు. మే నెలలో మూసి ఉంచిన కారులో విల్లు పెడితే నారి సాగి, నారిలో గురిచూసే రంధ్రమైన పీప్ సైట్ పక్కకు తిరుగుతుంది, పాయింట్ల జిగురు కూడా మెత్తబడుతుంది. అందువల్ల మొదటి బాణానికి ముందు లాగుడు బరువును కొక్కెం త్రాసుతో చూస్తాను. ప్రతి షాఫ్ట్‌నూ చెవి దగ్గర పెట్టి మెల్లగా వంచి, చిటపట శబ్దం వస్తోందేమో వింటాను, ఎందుకంటే పగులున్న కార్బన్ నారి మీదే ముక్కలై చేతిలో దిగుతుంది.

తరువాత చూడవలసినది వేన్ల ఎత్తు. కృష్ణ ఒడ్డు గాలికి ప్రస్తుత వేన్లు కొంచెం ఎక్కువగా పక్కకు లాగుతున్నాయి కాబట్టి, ఇవే షాఫ్ట్‌లలో సగానికి ఎత్తు తక్కువ వేన్లు వేసి, రెండు రకాలనూ ఒకే గాలిలో మార్చి మార్చి వేసి పోలుస్తాను.