రాగి జావ, 212

"బెల్లం ఎంత వేశావు?" అంది అమ్మ, గ్లూకోమీటర్ కేసి చూడకుండానే.

తెర మీద నా రక్తంలో చక్కెర 212. తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలని డాక్టర్ చెప్పిన మాట ఫ్రిజ్ తలుపు మీదే రాసి పెట్టుకున్నాను. నేను తాగిందేమో రాగి జావ. నెల రోజులుగా అనంతపురంలో కనబడిన ప్రతివారికీ నేను తాగమని చెబుతున్న అదే జావ!

రాగుల తప్పేమీ లేదు. వంద గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కానీ మెత్తటి పిండిని పల్చగా కాచి, ఇంత బెల్లం కలిపి, పెద్ద గ్లాసుతో గటగటా తాగితే చక్కెర పెరగక ఏమవుతుంది?

రాత్రికి అమ్మే తెడ్డు పట్టింది. నిమ్మకాయంత కాకపోయినా చిన్న రాగి సంగటి ముద్దే, దాని చుట్టూ గోంగూర పప్పు, పక్కన వేరుశనగ పచ్చడి. ముద్ద కన్నా పప్పే ఎక్కువ.

తిన్నాక గోరువెచ్చని నువ్వుల నూనెతో మోకాళ్లు మర్దన చేసుకుంటూ కూర్చుంది. హాయిగా ఉంటుందట. ఆ చేత్తోనే బీపీ మాత్ర కోసం డబ్బా తీసింది. "నూనె ఉందిగా, మాత్రెందుకు?" అన్నాను ఆటపట్టిస్తూ.

"మాత్ర మానెయ్యమని నూనె చెప్పలేదు కదా."

రెండు గంటలాగి కొలిస్తే 164. గర్వంగా చూపించాను. కళ్లద్దాలు లేవు, చదివి చెప్పమంది.