గేర్‌బాక్స్ కాదు, ఎర్త్ వైరు

కాజీపేట బ్రిడ్జి ఎక్కుతుంటే స్పీడు, టెంపరేచర్ ముళ్లు రెండూ ఒక్కసారే సున్నాకు పడిపోయాయి. ఆటోమేటిక్ కారు ఒకే గేర్లో ఇరుక్కుంది. షోరూంవాళ్లేమో గేర్‌బాక్సే మార్చాలన్నారు. ఆ ధర వింటే ఎవరికైనా టెన్షనే!

ములుగు రోడ్డు మెకానిక్ మాత్రం పాన ముట్టనే లేదు. "మీటర్లు, గేర్లు ఒక్కసారే పోయినయంటే ముందు కరెంటు చూడాలె అన్నా" అంటూ ఇంజిన్ నడుస్తుండగానే హెడ్‌లైట్లు, ఏసీ వేశాడు. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది గేర్‌బాక్స్ బాడీకి ఆనించాడు. 0.2 వోల్టుల లోపే ఉండాలట, ఒకటి దాటింది. చూస్తే గేర్‌బాక్స్ బాడీని బ్యాటరీ నెగెటివ్‌కు కలిపే ఎర్త్ వైరు, బోల్టు కింద చిలుము పట్టి పచ్చబడి ఉంది. సిగ్నల్ సరిగా అందక కారులోని కంప్యూటర్ జాగ్రత్త కోసం గేర్లు మార్చడం ఆపేసిందన్నమాట.

కొత్త వైరు బిగించాడు. గేర్లు మెత్తగా పడుతున్నాయి. స్కానర్‌తో కంప్యూటర్‌లో నమోదైన పాత ఎర్రర్ కోడ్లు తుడిపించే పని ఒక్కటే మిగిలింది.