మూడుకి రెండు: షాపు ముందు జెండా కోసం నేను పడ్డ అవస్థ

మొన్న ఆగస్టు 15న శ్రీకాకుళంలో నా టైలరింగ్ షాపు తెరిచాను. అద్దె గది, కరెంటు మీటరు, బోర్డు అన్నీ వారంలో కుదిరిపోయాయి. ఏడిపించింది జెండాలే.

రోడ్డు పక్కన నిలబెట్టడానికి షాపు పేరుతో నాలుగు ఫెదర్ జెండాలు (ఈక ఆకారంలో పొడుగ్గా ఉండే ప్రచార జెండాలు), ఎగరెయ్యడానికి ఒక జాతీయ జెండా కావాలి. అన్నీ ఒకే ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో ఆర్డరిచ్చి అడ్వాన్సు కట్టేశాను.

14 సాయంత్రం వెళ్తే షాపతను జెండా తెచ్చి కౌంటరు మీద పడేశాడు. చూడగానే గుండె జారిపోయింది. జాతీయ జెండాలో, తెల్ల రంగు మీద, చక్రం కింద నా షాపు పేరు!

"అన్నయ్యా, జెండా మీద అక్షరాలు ఉండకూడదు" అన్నాను.

"అందరూ ఏయించుకుంతన్నారమ్మా, నీకొక్కదానికే ఏటి?" అన్నాడు.

మెడలో టేపు ఉంది, కొలిచాను. పొడవు మూడడుగులు, వెడల్పు అడుగున్నర. మూడుకి రెండు ఉండాలి కదా. చక్రం కోడిగుడ్డులా సాగిపోయింది. వేలు పెట్టి ఆకులు లెక్కపెట్టాను, 20 ఉన్నాయి. ఉండాల్సినవి 24.

"ఏటమ్మా, జెండాని జాకెట్టు గుడ్డలా కొలుస్తన్నావు? నువ్వేటి, కలెక్టరువా?" అన్నాడు. ఫ్లెక్సీల కోసం వచ్చిన కుర్రాళ్లు పది మంది గొల్లుమన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా కదల్లేదు. పదిహేనేళ్లుగా కుడుతున్నాను, నా కొలత తప్పిందని ఒక్క జాకెట్టూ వెనక్కి రాలేదు. ఫోన్‌లో 2002 ఫ్లాగ్ కోడ్, అంటే జాతీయ జెండా నియమావళి, తీసి అందరికీ వినపడేలా చదివాను. జెండా మీద రాతలు ఉండకూడదు, దాన్ని ఏ ప్రకటనకీ వాడకూడదు, దాని కర్రకి ప్రకటన బోర్డు కూడా కట్టకూడదు. 1971 చట్టం ప్రకారం జెండాని అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు. నవ్వులు ఆగాయి. అతను మాత్రం జెండాని కౌంటరు కిందకి, నేల మీదకి విసిరేశాడు. వంగి తీసుకున్నది నేను. అడ్వాన్సులో ఒక్క రూపాయి తిరిగివ్వలేదు.

అది పాలిస్టర్ జెండా అయినందుకు నాకు పేచీ లేదు. ఫ్లాగ్ కోడ్‌కి 2021 డిసెంబరులో చేసిన సవరణతో అది కూడా చెల్లుతుంది. కానీ 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా చూపించిన నేల మనది. ఇక్కడ జెండా ప్రింటు చేసేవాడికి ఆకులెన్నో తెలియకపోతే ఎలా? మీరు ఎక్కడ కొన్నా డబ్బులిచ్చే ముందు కొలవండి, లెక్కపెట్టండి. ఎవరు నవ్వినా సరే.

అక్కడి నుంచి ఆటోలో ఖాదీ షాపుకి పరుగెత్తాను, షట్టరు సగం దించేశారు. అడిగితే మళ్లీ ఎత్తారు. మన పొందూరు నూలు సన్నదనానికి పేరు, జెండా గుడ్డ వేరు. ఐఎస్ఐ ముద్రతో ఖాదీ జెండాలు కుట్టడంలో పేరున్నది కర్ణాటకలో హుబ్బళ్లి దగ్గర బెంగేరి. భారత ప్రమాణాల్లో ఒకటో నంబరు జెండాదేనని చాలామందికి తెలియదు. 900కి 600 మిల్లీమీటర్లది తీసుకున్నాను. కర్ర వైపు మందపాటి లేత గోధుమ రంగు గుడ్డ, దాని మీద దగ్గర దగ్గరగా పడిన కుట్లు. ఆ కుట్టు చూసి కడుపు నిండింది.

ఆ ప్రింటింగ్ షాపులో ఇంకేమీ తీసుకోలేదు కాబట్టి, ఫెదర్ జెండాలు రాత్రి నేనే కుట్టాను. ఒక్క పొర గుడ్డయితే వెనక నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి, అందుకే రెండు పొరలు వేశాను. పొద్దున్న వాటిని జాతీయ జెండా పక్కన పెట్టలేదు. జాతీయ జెండా కంటే ఎత్తులో గానీ, దాని సరసన గానీ వేరే జెండా ఉండకూడదు. వాటిని మెట్ల అవతలికి, పొట్టి కర్రలకి మార్చాను.

మా వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారు జెండా ఎగరేశారు. చక్రం కేసి కాసేపు చూసి, "కొలత సరిగ్గా ఉందమ్మా" అన్నారు.

2022 నుంచి రాత్రి కూడా ఉంచొచ్చు గానీ, సాయంత్రం మబ్బు పట్టింది. చిరిగిన జెండా ఎగరకూడదు కదా, గాలివానకి చిరుగుతుందేమోనని దించేశాను. మా అమ్మాయి ఒక కొస, నేనొక కొస పట్టుకుని కాషాయం, ఆకుపచ్చ తెలుపు కిందకి మడిచాం. తర్వాత తెలుపుని రెండు వైపుల నుంచీ లోపలికి మడిచి, చక్రం పైకి కనపడేలా రెండు అరచేతుల మీద పెట్టుకుని లోపలికి తీసుకెళ్లాం.